గ్రూపు మెసేజ్ నుంచి నమ్మదగ్గ జవాబు దాకా: ఆటిజం, ఏడీహెచ్‌డీ సమాచారం కూర్చడంలో నా అనుభవం

ఆటిజం, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతి చురుకుదనం), డిస్లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది) ఉన్న పిల్లల అమ్మానాన్నలు, పెద్దయ్యాక తమకూ అదే ఉందని తెలుసుకున్నవాళ్లు కలిసి ఉండే తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ప్రశ్నలు పెద్దగా మారవు. “బాబుకి రెండున్నరేళ్లు, పిలిస్తే పలకడం లేదు, ఎవరికి చూపించాలి?” “సదరం (వైకల్య సర్టిఫికెట్) స్లాటు ఎక్కడ బుక్ చేయాలి?” “పాలు, గోధుమ మానేస్తే తగ్గుతుందా?” “స్కూలువాళ్లు టీసీ తీసుకెళ్లమంటున్నారు, ఏం చేయాలి?” జవాబులు మాత్రం ఆ పూట ఫోను ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి మారిపోతుంటాయి. సోమవారం అడిగినవారికి చట్టం తెలిసిన తండ్రి దొరుకుతాడు. బుధవారం అడిగినవారికి ఒంటెపాలతో తగ్గుతుందన్న ఫార్వర్డు దొరుకుతుంది.

అలాంటి గ్రూపులో పేరుకున్న జవాబులను ఏరి, సరిచూసి, అందరూ వాడుకునే ఒక పత్రంగా కూర్చే పని కొందరం కలిసి చేస్తున్నాం. ఆ పని ఎలా సాగుతుందో, ఎక్కడెక్కడ చెడుతుందో ఇక్కడ రాస్తున్నాను. మీ గ్రూపులోనూ ఇలాంటిది మొదలుపెట్టాలనుకునేవారికి పనికొస్తుంది.

వాట్సాప్ ఒక్కటే ఎందుకు చాలదో ముందు చెప్పాలి. పైన పిన్ చేసుకోగలిగేవి మూడే మెసేజ్‌లు, అవి కూడా గరిష్ఠంగా 30 రోజులు. వెతుకుదామంటే ఒకరు తెలుగు లిపిలో, ఇంకొకరు ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు, మరొకరు పూర్తి ఇంగ్లిష్‌లో రాసి ఉంటారు. “మాటలు రాలేదు” అని వెతికితే “స్పీచ్ డిలే” అని రాసినవి రావు. సగం జ్ఞానం వాయిస్ మెసేజ్‌లలో ఉంటుంది, అది అసలే వెతుకులాటకు దొరకదు. కాబట్టి మాట్లాడుకోవడానికి వాట్సాప్, నిలవ ఉంచడానికి గూగుల్ షీట్, చదవడానికి గూగుల్ డాక్ అని మూడుగా విడదీశాం. ఏ యాప్ అన్నది పెద్ద విషయం కాదు. మార్పుల చరిత్ర కనిపించాలి, అందరికీ కామెంట్ రాసే వీలుండాలి, దిద్దే అధికారం కొద్దిమందికే ఉండాలి. ఈ మూడూ ఉంటే ఏదైనా సరిపోతుంది.

ముందు ప్రశ్నలు, తర్వాతే జవాబులు

వాట్సాప్‌లో ఎక్స్‌పోర్ట్ చాట్ అనే సదుపాయం ఉంది. ఫొటోలు లేకుండా తీసుకుంటే ఒక టెక్స్ట్ ఫైలు వస్తుంది. దాన్ని ఎవరికీ పంపకముందే చేయాల్సింది పేర్లు, ఫోన్ నంబర్లు, స్కూలు పేర్లు, ఆస్పత్రి ఫైలు నంబర్లు తీసేయడం. పేరు తీసేస్తే సరిపోదు. వయసు, ఊరు, స్కూలు మూడూ ఒకచోట ఉంటే ఆ పిల్లవాడెవరో తెలిసినవాళ్లు ఇట్టే గుర్తుపడతారు. అందుకే ఊరి బదులు జిల్లా, పుట్టినతేదీ బదులు వయసు మాత్రమే ఉంచుతాం. రిపోర్టుల ఫొటోల్లో పేరు మీద ఫోన్‌లోని హైలైటర్‌తో నల్లగా గీస్తుంటారు. ఆ గీత చాలా ఫోన్లలో పలచగా పడుతుంది, వెలుతురు పెంచితే అడుగున పేరు కనిపిస్తుంది. గీయడం కాదు, ఆ భాగాన్ని కత్తిరించేయాలి. ఇక తన మెసేజ్ పత్రంలోకి వస్తోందని రాసినవారికి విడిగా చెప్పి ఒప్పుకోలు తీసుకోవడం తప్పనిసరి. గ్రూపులో రాయడం వేరు, పదిమంది దాచుకునే పత్రంలో ఉండడం వేరు.

మొదటి విడతలో జవాబులు చదవం. ప్రశ్నలు మాత్రమే ఏరి షీట్‌లో పెడతాం, అడిగినవారి మాటల్లోనే. “సోషల్ కమ్యూనికేషన్ లోపాలు” అని మనం శుద్ధి చేసి రాస్తే వెతికేవారికి దొరకదు. “పిలిస్తే పలకడు”, “చేతులు ఊపుతాడు”, “తన లోకంలో తనుంటాడు” అనే వెతుకుతారు.

ఆ తర్వాత ప్రశ్నల్ని గుంపులు చేయాలి. ఆటిజం, ఏడీహెచ్‌డీ, డిస్లెక్సియా అని రోగనిర్ధారణ పేర్ల ప్రకారం విడదీయడం అందరికీ తోచే పద్ధతి. అది పనిచేయదు, ఎందుకంటే వచ్చేవారిలో చాలామందికి ఇంకా ఆ పేరే తెలియదు. చదివాక ఏం చేయబోతారన్నదాన్ని బట్టి విడదీస్తే నప్పుతుంది: ఎవరినో కలవాలి, ఎక్కడో దరఖాస్తు పెట్టాలి, ఏదో కొనాలి, ఇంట్లో ఏదో మార్చాలి, ఏదో ఆపేయాలి. ఈ చివరిదానికి ఎప్పుడూ ఎవరూ శీర్షిక పెట్టరు. మాకు మాత్రం అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది అదే.

నాలుగు రకాల మాటలు

గ్రూపులో ఒకే గొంతుతో వినిపించే జవాబులు నిజానికి నాలుగు రకాలు. చట్టం, నిబంధనలు. వైద్య పరిశోధన. ఇంటి అనుభవం. ఆటిస్టిక్ వ్యక్తులు, ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లు తమ లోపల ఏం జరుగుతుందో చెప్పే మాట. నాలుగింటినీ సరిచూసే తీరు వేరు. చట్టమైతే అసలు ఉత్తర్వు చూడాలి. పరిశోధనైతే ఒక్క అధ్యయనమా, పలు అధ్యయనాల సమీక్షా అని చూడాలి. ఇంటి అనుభవానికైతే దాని చుట్టూ ఉన్న పరిస్థితులు అడగాలి. లోపలి అనుభవాన్ని మాత్రం బయటివాళ్లు కొట్టేయడానికి వీల్లేదు. ఇంకొకరికి అలా ఉండకపోవచ్చని పక్కన రాయడం వరకే.

ఉదాహరణకు ఇలాంటి మెసేజ్ ప్రతి గ్రూపులోనూ వస్తుంది: “మేం పాలు మానేశాం అక్కా, పదిహేను రోజుల్లో ఐ కాంటాక్ట్ వచ్చింది. అందరూ ట్రై చేయండి.” ఇది అబద్ధం కాదు, ఆ తల్లి చూసిందే చెప్పింది. అయితే పత్రంలోకి రావాలంటే ఆమెను అడగాల్సినవి ఉన్నాయి. పిల్లవాడి వయసెంత? అదే నెలలో కొత్త థెరపీ గానీ మందు గానీ మొదలైందా? స్కూలు సెలవులా? అంతకుముందు మలబద్ధకం, కడుపునొప్పి ఉండేవా? పాల బదులు కాల్షియం దేంతో వస్తోంది? చాలాసార్లు కడుపు ఇబ్బంది ఉండేదని, పాలు మానేశాక అది తగ్గి పిల్లవాడు తేలికపడ్డాడని తేలుతుంది. అప్పుడు పత్రంలో రాసేది “పాలు మానేస్తే ఆటిజం తగ్గుతుంది” అని కాదు. “మలబద్ధకం, కడుపుబ్బరం ఉన్న పిల్లల్లో పాలు పడుతున్నాయో లేదో డాక్టరుతో మాట్లాడి చూడండి. కడుపునొప్పి తగ్గితే చికాకు, నిద్రలేమి తగ్గొచ్చు. గ్లూటెన్, పాలు రెండూ మానేసే ఆహారం ఆటిజం లక్షణాలను తగ్గిస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. అసలే నాలుగు రకాలే తినే పిల్లవాడికి అందులో రెండు తీసేస్తే పోషకాహార లోపం రావొచ్చు.” ఇలా రాస్తే ఆమె చెప్పింది పోలేదు, దాని హద్దు మాత్రం తెలిసింది.

షీట్‌లో ఒక్కో జవాబుకు ఉండాల్సిన గడులు ఇవి: ప్రశ్న, ఒక్క వాక్యంలో జవాబు, వివరం, ఎవరికి వర్తిస్తుంది, ఎవరికి వర్తించదు, నాలుగింటిలో ఏ రకం మాట, సరిచూసిన తేదీ, మళ్లీ ఎప్పుడు చూడాలి, వెతుకుడు మాటలు. ‘ఎవరికి వర్తించదు’ అన్న గడి ఖాళీగా ఉంటే ఆ జవాబు డాక్‌లోకి వెళ్లదు. ఇదొక్క నియమమే మా పనిలో సగం తగాదాలు తీర్చింది.

దాని విలువ ప్రవాస తెలుగువాళ్ల సలహాల దగ్గర బాగా తెలుస్తుంది. అమెరికాలో మూడేళ్లు నిండిన పిల్లలకు స్కూల్ డిస్ట్రిక్టే అంచనా వేసి ఐఈపీ, అంటే ఆ పిల్లవాడికంటూ విడిగా ఒక బోధన ప్రణాళిక, రాస్తుంది, అది అక్కడి చట్టం ఇచ్చిన హక్కు. డాలస్ నుంచి ఒకరు “ఐఈపీ అడగండి, ఇవ్వనంటే రాతపూర్వకంగా కారణం అడగండి” అని మంచి మనసుతోనే రాస్తారు. గుంటూరులో ఒక తల్లి ప్రైవేటు స్కూలుకు వెళ్లి అదే అడిగితే ప్రిన్సిపల్‌కు ఆ మాటే తెలియదు. సలహా తప్పు కాదు, దాని దేశం రాయకపోవడం తప్పు. అలాగే ఆటిజం లక్షణాలను ముందుగా పసిగట్టడానికి వాడే ఎమ్-చాట్ ఆర్ ప్రశ్నావళి. అందులో 20 ప్రశ్నలుంటాయి, 16 నుంచి 30 నెలల పిల్లలకు తయారుచేసింది. 3 నుంచి 7 మధ్య స్కోరు వస్తే తర్వాతి దశ ప్రశ్నలు అడగాలి, 8 గానీ ఆపైన గానీ వస్తే నేరుగా నిపుణులకు చూపించాలి. ఐదేళ్ల పిల్లవాడికి దాన్ని నింపి “రెండే వచ్చింది, ఏం లేదులే” అని ఊరుకున్నవాళ్లుంటారు. ఆ లింకు వయసు గడి లేకుండా తిరగడం వల్ల వచ్చిన చేటు అది.

సర్టిఫికెట్ల చిక్కుముడి

అన్నిటికన్నా ఎక్కువసార్లు తిరగరాయాల్సి వచ్చేది ఈ భాగమే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో ఆటిజం ఉంది, నిర్దిష్ట అభ్యసన వైకల్యం, అంటే డిస్లెక్సియా వంటివి ఉన్నాయి. ఏడీహెచ్‌డీ లేదు. “మా పాపకి ఏడీహెచ్‌డీ, సర్టిఫికెట్ ఎలా?” అన్న ప్రశ్నకు నిజాయితీగల జవాబు: ఏడీహెచ్‌డీ ఒక్కదానికే అయితే రాదు, తోడుగా జాబితాలోని మరొకటి ఉంటే దానికి వస్తుంది. ఇంకో మెలిక. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు ఇస్తుంది. అది 1999 చట్టం ప్రకారం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలకే. కాబట్టి డిస్లెక్సియా ఉన్నవారికి యూడీఐడీ (వైకల్య గుర్తింపు) కార్డు వస్తుంది, నిరామయ రాదు. గ్రూపులో “కార్డు ఉంటే అన్నీ వస్తాయి” అని ఒకరు రాస్తే పదిమంది నమ్మేది ఇక్కడే.

ఆటిజానికి శాతం తేల్చేది ఇసా అనే కొలమానం. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థే దాన్ని తయారుచేసింది. ఇప్పుడు ఆ సంస్థను నీపిడ్ అంటున్నారు, చాలామందికి పాత పేరు ఎన్ఐఎంహెచ్‌గానే తెలుసు. ఇసాలో 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 70 కన్నా తక్కువైతే ఆటిజం కిందికి రాదు. 70 నుంచి 106 స్వల్పం, 107 నుంచి 153 మధ్యస్థం, ఆపైన తీవ్రం. 70 మార్కులకు 40 శాతం. చట్టంలో చాలా ప్రయోజనాలకు గీత కూడా 40 శాతమే.

ఈ వివరం బయటపెట్టగానే గ్రూపులో వచ్చే తర్వాతి ప్రశ్న: “డాక్టరు అడిగితే ఏం చెప్తే 40 దాటుతుంది?” దీనికి జవాబు రాయం. ఒకరు బట్టీపట్టి చెప్తే శాతం తేల్చే మెడికల్ బోర్డులో కూర్చున్నవాళ్లకు రెండో నెలకల్లా తెలిసిపోతుంది, ఆ తర్వాత నిజంగా చెప్పేవాళ్లనూ అనుమానిస్తారు. దాని బదులు ఇలా రాశాం. ఇసాలో ఆరు విభాగాలున్నాయి: మనుషులతో కలవడం, భావోద్వేగాలు, మాట, ప్రవర్తన, ఇంద్రియాల స్పందన, ఆలోచనా తీరు. ఒక తెల్లకాగితం మీద ఆరు శీర్షికలు పెట్టి, ఒక్కోదాని కింద గత నెలలో ఇంట్లో జరిగిన రెండేసి సంగతులు రాసుకెళ్లండి. “కోపం ఎక్కువ” అని కాదు, “మిక్సీ వేస్తే చెవులు మూసుకుని బాత్రూంలోకి పరుగెడతాడు, పది నిమిషాలకు గానీ రాడు” అని. స్కూలు టీచరు రాసిన ఒక పేజీ, రెండు నిమిషాల లోపు వీడియో, పాత అంచనా రిపోర్టులు తీసుకెళ్లండి. క్యాంపు రోజున పిల్లవాడు నిశ్శబ్దంగా కూర్చోవచ్చు, లేదా కొత్త చోటుకు బెంబేలెత్తి ఏడుపే ఏడుపు కావచ్చు. ఆ పది నిమిషాలను బట్టి కాకుండా మామూలు రోజుల్ని బట్టి తేల్చడానికి ఆ కాగితం ఆధారం.

స్లాటు సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో సదరం స్లాటు గ్రామ, వార్డు సచివాలయాల్లోనూ మీసేవలోనూ బుక్ చేసే పద్ధతి ఉంది. తెలంగాణలో 2025లో సదరం నుంచి యూడీఐడీ పోర్టల్‌కు మారారు. పాత మెసేజ్ చూసి పాత దారిన వెళ్లినవాళ్లు తిరిగి రావాల్సిందే. అందుకే దరఖాస్తు పద్ధతులకు ఆరు నెలల గడువు పెట్టాం, గడువు దాటితే ఆ జవాబు పైన పసుపు గీత పడుతుంది. చట్టాలకు ఏడాది. వైకల్య శాతం తేల్చే మార్గదర్శకాలు 2018 జనవరిలో వచ్చాయి, 2024 మార్చిలో సవరించారు. తేదీ లేకుండా తిరిగే పీడీఎఫ్ ఆ రెండింటిలో ఏదో చూడకుండా ఎక్కించకూడదు.

పీడీఎఫ్ అంటే గుర్తొచ్చింది. జిల్లా కార్యాలయాల నుంచీ థెరపీ సెంటర్ల నుంచీ వచ్చే తెలుగు కరపత్రాలు చాలావరకు అను ఫాంట్లలో కొట్టినవే. చూడటానికి తెలుగే, కాపీ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. వెతికినా దొరకవు, కళ్లు కనిపించనివారి ఫోను చదివి వినిపించనూ లేదు. అలాంటివాటిని గూగుల్ డ్రైవ్‌లో ఓసీఆర్ చేసి, వత్తులూ అంకెలూ ఒకరు కూర్చుని దిద్దాలి. అంకెల దగ్గర ఓసీఆర్‌ను అస్సలు నమ్మకూడదు. 3 కాస్తా 8 అయితే దరఖాస్తు గడువే మారిపోతుంది.

లోపలి మాటకు చోటు

గ్రూపులో పెద్ద గొడవలు ఎప్పుడూ ఒకే చోట మొదలవుతాయి. ముప్పై ఏళ్ల ఆటిస్టిక్ యువకుడు “చేతులు ఊపడం ఆపించొద్దు” అని రాస్తాడు. “మా వాడికి మాటే రాదు, నువ్వు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ మాకు చెప్తావా” అని ఒక తండ్రి విరుచుకుపడతాడు. ఇద్దరి మాటలోనూ నిజముంది.

న్యూరోడైవర్సిటీ, అంటే మెదడు తీరులో తేడాలు సహజమైన వైవిధ్యమే అన్న ఆలోచన, ఇలాంటి మాటామంతీలోంచే పుట్టింది. 1996 నుంచి నెదర్లాండ్స్‌కు చెందిన మార్టైన్ డెకర్ నడిపిన ఒక ఈమెయిల్ బృందంలో ఆటిస్టిక్ వ్యక్తులు, డిస్లెక్సియా వంటివి ఉన్నవాళ్లు తమ మెదడు తీరు గురించి రాసుకునేవారు. చాలాకాలం ఆ భావనకు పేరు పెట్టిన ఘనత 1998లో సిద్ధాంత వ్యాసం రాసిన ఆస్ట్రేలియా సామాజిక శాస్త్రవేత్త జూడీ సింగర్‌కే ఇచ్చారు. అది ఒక్కరి సొత్తు కాదని, ఆ బృందాల్లో ఉమ్మడిగా రూపుదిద్దుకున్నదని 2024లో ఆటిజం అనే పత్రికలో పలువురు పరిశోధకులు కలిసి సవరణ కోరారు. ఆటిస్టిక్ బర్న్‌అవుట్ కథా అంతే. వైద్య పుస్తకాల్లోకి రాకముందే ఇంటర్నెట్‌లో బాధపడేవాళ్లు దాన్ని వర్ణించారు. 2020లో పరిశోధకులు ఆ బహిరంగ రాతలనూ ఇంటర్వ్యూలనూ కలిపి చదివి నిర్వచనం ఇచ్చారు: మూడు నెలలో అంతకు మించో ఉండే తీవ్రమైన అలసట, వచ్చిన పనులు చేయలేకపోవడం, శబ్దాలూ వెలుతురూ ఓర్చుకోలేకపోవడం. “మా అమ్మాయి పదో తరగతి దాకా బాగుంది, ఇంటర్ హాస్టల్‌లో చేరాక మాట్లాడటమే మానేసింది” అని రాసేవారికి ఈ ఒక్క జవాబు చాలా అవసరం. సోమరితనం అనుకుని ఇంకా ఒత్తిడి పెంచేది ఇక్కడే.

అందుకని పత్రంలో ప్రవర్తనకు సంబంధించిన ప్రతి జవాబులోనూ ‘లోపల ఎలా ఉంటుంది’ అని ఒక పేరా పెట్టాం. దాన్ని ఆ స్థితి ఉన్నవాళ్లే రాయాలి, తల్లిదండ్రులు దిద్దకూడదు. దాని కింద ‘ఇంట్లో ఏం చేయొచ్చు’ అన్నది తల్లిదండ్రులది. చేతులు ఊపడం గురించి తుది రూపం ఇలా వచ్చింది: ఎవరికీ దెబ్బ తగలకపోతే ఆపించవద్దు, అది తనను తాను కుదుటపరచుకునే దారి. తల బాదుకుంటుంటే ముందు నొప్పి వెతకండి: చెవి, పన్ను, మలబద్ధకం. మాట రాని పిల్లవాడికి నొప్పి చెప్పుకునే మార్గం అదొక్కటే కావచ్చు. నొప్పి లేదని తేలాకే ప్రవర్తన గురించి ఆలోచించండి.

ఈ పద్ధతిలో వచ్చిన జవాబుల్లో నాకు నచ్చినది క్షవరం గురించినది. వైద్యుల కరపత్రాల్లో దొరకని సంగతులన్నీ అందులో ఉన్నాయి. బాధపెట్టేది కత్తెర కాదు, దాని చుట్టూ ఉన్నవని ఆటిజం ఉన్న పెద్దవాళ్లు వివరంగా రాశారు: మెషిన్ శబ్దమూ అదురూ, స్ప్రే చేసే చల్లటి నీళ్లు, మెడ దగ్గర బిగించే గుడ్డ, చొక్కాలో పడి గుచ్చే సన్నటి వెంట్రుకలు, వెనకనుంచి కనిపించకుండా తాకే చెయ్యి. ఒక్కోదానికీ ఒక్కో విరుగుడు. మెషిన్ వద్దు, కత్తెరే. స్ప్రే బదులు ఇంట్లోనే తల తడిపి తీసుకెళ్లడం. గుడ్డ బదులు పాత కాటన్ చొక్కా వెనక్కి తిప్పి తొడగడం. మెడకు ముందే పౌడర్. మంగళవారం షాపులు ఎలాగూ మూసుంటాయి, ఆదివారం గుంపు, కాబట్టి మామూలు రోజు మధ్యాహ్నం. పిల్లవాడికి కనిపించేలా పది వేళ్లు చూపించి, పది కత్తిరింపులకు ఒకసారి ఆగడం. “ఆపు” అనడానికి ఒక సైగ ముందే నేర్పడం, ఆ సైగ చేస్తే నిజంగానే ఆపడం. చేయి పట్టుకుని కదలకుండా కానిచ్చేస్తే ఆ పూట పని అవుతుంది, తర్వాతిసారి ఆ వీధిలోకే రాడు. నిద్రపోతుంటే కత్తిరించడం చాలామంది చెప్పే చిట్కా. మెలకువ వచ్చి చూసుకుంటే నిద్రకే భయపడే ప్రమాదం ఉందని ఆ పెద్దవాళ్లే రాశారు, అందుకే దాన్ని ‘ఆపేయాలి’ శీర్షిక కిందికి మార్చాం. పుట్టువెంట్రుకల మొక్కు ఉన్నవారు తిరుమల కల్యాణకట్ట గురించి అడుగుతుంటారు. అక్కడ తడి నేల, జనం, తల మీద నీళ్లు, బ్లేడు అన్నీ ఒకేసారి ఎదురవుతాయి. పూర్తి గుండు ఓర్చుకోలేని పిల్లలకు మూడు కత్తెర్లు ఇచ్చే ఆచారం ఎలాగూ ఉంది. ఇంట్లో పెద్దవాళ్లను ముందే ఒప్పించుకుని వెళ్లమని రాశాం.

పరిశోధన మారితే జవాబూ మారాలి. 2012లో ఆటిస్టిక్ పరిశోధకుడు డేమియన్ మిల్టన్ ఒక వాదన చేశారు: అర్థం చేసుకోలేకపోవడం ఆటిస్టిక్ వ్యక్తి ఒక్కరి లోపం కాదు, రెండు వైపులా ఉండే లోటు. 2020లో ఎడిన్‌బరా పరిశోధకులు ఎనిమిదేసి మంది గొలుసులుగా ఒకరి నుంచి ఒకరికి కథ చెప్పించి చూశారు. అందరూ ఆటిస్టిక్ అయిన గొలుసులో సమాచారం ఆటిస్టిక్ కానివారి గొలుసులోలాగే నిలిచింది, కలగలిపిన గొలుసులో ఎక్కువ పోయింది. గ్రూపులో ఇది బాగా తిరిగింది. 2025లో అదే పద్ధతిని 311 మందితో పెద్దదిగా చేస్తే మూడు రకాల గొలుసుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. “ఆటిస్టిక్ వ్యక్తులు సమాచారం సరిగా అందించలేరు” అన్న అపోహ రెండుసార్లూ వీగిపోయింది. “కలగలిస్తేనే చెడుతుంది” అన్న భాగం మాత్రం నిలవలేదు. పాత జవాబు చెరిపేయకుండా కింద తేదీతో కొత్త వాక్యం చేర్చాం.

ఫార్వర్డులు, నిపుణులు

స్టెమ్ సెల్ చికిత్స గురించి నెలకొకసారి వీడియో వస్తుంది. దీనికి ఒకే జవాబు స్థిరంగా ఉంచాం: ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం ఆమోదించిన కొన్ని రక్త వ్యాధులకు తప్ప స్టెమ్ సెల్స్ వాడకం క్లినికల్ ట్రయల్‌లోనే జరగాలి. ఆటిజానికి సిఫారసు చేయలేమని 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ వైపు నుంచి కూడా స్పష్టత వచ్చింది. ట్రయల్ అయితే రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. లక్షల్లో ప్యాకేజీ చెప్పారంటే అది ట్రయల్ కాదు. ఈ చివరి వాక్యమే ఎక్కువమందిని ఆపుతుంది.

ఫార్వర్డు పెట్టినవారిని గ్రూపులో నిలదీయం. “దీని గురించి పత్రంలో ఇక్కడ ఉంది” అని లింకు ఒక్కటే పెడతాం. నిలదీస్తే వాళ్లు పోస్టు చేయడం మానేస్తారు తప్ప నమ్మడం మానరు.

థెరపిస్టుల పేర్లు పత్రంలో పెట్టం. పొగడ్తలైనా తిట్లైనా ఆర్నెల్లలో పాతబడతాయి, పైగా పేర్లు పెట్టగానే సెంటర్లవాళ్లు మారుపేర్లతో చేరతారు. బదులుగా ఎలా సరిచూసుకోవాలో రాశాం. స్పీచ్ థెరపిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్, క్లినికల్ సైకాలజిస్టు అయితే భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ ఉండాలి, సీఆర్ఆర్ నంబరు అడిగి వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. ఆక్యుపేషనల్ థెరపిస్టు (ఓటీ), ఫిజియోథెరపిస్టు ఆ జాబితాలో ఉండరు, వాళ్లది 2021లో వచ్చిన వేరే చట్టం. “ఓటీకి ఆర్‌సీఐ నంబరు లేదు, దొంగ” అని ఒకరిని అన్యాయంగా నిందించే మెసేజ్‌లు ఈ తేడా తెలియకే వస్తాయి.

రాసే తీరు

చదివేవారిలోనే ఏడీహెచ్‌డీ, డిస్లెక్సియా ఉన్నవాళ్లు ఉంటారు. చాలామందికి పిల్లల పరీక్షలు చేయించేటప్పుడే తమ సంగతి తెలుస్తుంది. కాబట్టి జవాబు మొదటి వాక్యంలోనే ఉండాలి, నేపథ్యం తర్వాత. పేరా ఫోన్ తెర మీద ఆరు వరుసలు దాటకూడదు. తెలుగు అక్షరాలకు వత్తులు కిందికి దిగుతాయి, వరుసల మధ్య ఎడం 1.5 పెడితే పై వరుస వత్తు కింది వరుస గుడికి తగలదు. మామూలు ఎడంలో డిస్లెక్సియా ఉన్నవారికి రెండు వరుసలూ కలిసిపోతాయి.

“కాస్త ముందుగా వెళ్లండి” అని రాస్తే “కాస్త అంటే ఎంత?” అని ఒక ఆటిస్టిక్ సభ్యురాలి కామెంట్. నిజమే కదా. “8:30కి వరుసలో ఉండండి, కిటికీ తెరిచేలోపు రెండు జిరాక్సులు, ఒక పాస్‌పోర్ట్ ఫొటో చేతిలో ఉండాలి” అని మార్చాం. అందరికీ అదే తేలికైంది. త్వరలో, వీలైతే, తగినంత, ఓపిగ్గా అనే మాటలు దొరికిన చోటల్లా అంకె గానీ పని గానీ పెట్టాలి. వాయిస్ మెసేజ్ పెట్టేవారు ఒక నిమిషం లోపు పెట్టి, కింద ఒక వరుస టైపు చేయాలన్నది గ్రూపు నియమం. టైపు చేయడం రానివారికి జీబోర్డులో తెలుగు మైకు ఎలా నొక్కాలో చూపే చిన్న వీడియో సరిపోతుంది.

ఒక జవాబు డాక్‌లోకి వెళ్లేముందు ముగ్గురు చదవాలి: అలాంటి వయసు పిల్లవాడున్న ఒకరు, ఆ స్థితి తమకే ఉన్న ఒకరు, ఆ విషయం అసలు తెలియని ఒకరు. మూడోవారు చదివి “ఇప్పుడు నేనేం చేయాలి?” అన్నదానికి ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. చెప్పలేకపోతే వెనక్కి. నిపుణుడు వీరికి తోడు నాలుగోవారిగా ఉంటే చాలు, నిపుణుడే రాస్తే ఎవరూ చదవరు.

పోషణ

ఇలాంటి పత్రాలు తప్పుల వల్ల చావవు, యజమాని వెళ్లిపోతే చస్తాయి. ఒకరి సొంత జీమెయిల్‌లో డాక్ ఉండి, వారు గ్రూపు వదిలేస్తే అధికారం ఎవరికీ ఉండదు. మొదటి వారంలోనే ఒక ఉమ్మడి ఖాతా తెరిచి, దాని పాస్‌వర్డు కనీసం ముగ్గురి దగ్గర ఉంచి, రెండంచెల నిర్ధారణకు వాడే ఫోను ఎవరిదో రాసి పెట్టుకోవాలి. మూడు నెలలకోసారి డాక్ మొత్తాన్ని పీడీఎఫ్‌గా దించి తేదీ పేరుతో దాచాలి. పసుపు గీత పడిన జవాబును రెండు నెలలైనా ఎవరూ సరిచూడకపోతే దాన్ని ‘పాతవి’ షీట్‌కు తరలించాలి, చెరిపేయకూడదు. ఎవరైనా ఆ పాత లింకుతోనే వస్తారు, అక్కడ “ఇది పాతబడింది, కొత్త జవాబు ఇంకా లేదు” అన్న ఒక్క వరుసైనా వారికి కనిపించాలి.